చప్పుడు రాని సైకిలు

గాజు సామాన్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు విభాగానికి పెద్ద ఆయనే. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉంది గానీ, దానితో ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. పెట్టెల మీద ఎర్రసిరాతో 'భద్రం' అని ముద్ర వేసీ వేసీ, చివరికి ఆ ముద్ర తిరిగొచ్చి ఆయన మీదే పడింది. ఇప్పుడు గేటు కాపలా మనిషి దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన భద్రంగారే.

భద్రంగారి విద్యంతా కుడిచెవిలో ఉంది. గ్లాసులైనా, పూలకూజాలైనా, దీపం చిమ్నీలైనా సరే, గడ్డీ కాగితమూ స్పాంజీ కూరి, మూత వేసి, తాడు బిగించాక, పెట్టెను రెండు చేతులా ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు ఊపుతారు. లోపల ఏ మూలన 'టిక్కు'మన్నా తాడు విప్పాల్సిందే. చప్పుడు రాలేదంటే లారీ వైపు చెయ్యి చూపించి "పోనీయ్" అంటారు. పంతొమ్మిదేళ్ళలో ఆయన పోనీయమన్న పెట్టెల్లో పగిలినవి మూడంటే మూడే వస్తువులు. అందులో ఒకటి లారీ బోల్తా పడి పగిలింది కాబట్టి దాన్ని తన ఖాతాలో వెయ్యకూడదని ఆయన ఇప్పటికీ వాదిస్తారు.

ఇంట్లో కూడా ఆ చెవి ఊరుకోదు. పంచదార డబ్బా ఊపి చూస్తారు. టిఫిను క్యారేజీ ఊపి చూస్తారు. పిల్ల బడిసంచీ ఊపి, లోపల పెన్సిలు డబ్బా గలగలలాడితే దాని చుట్టూ చేతిరుమాలు చుడతారు. ఆ పిల్ల బళ్ళో పెన్సిలు తీయాలంటే ముందు రుమాలు విప్పాలి, ఈలోపు టీచరు రెండో లెక్కకి వెళ్ళిపోతుంది.

ఇంతటి మనిషికి ఎలాంటి కూతురు పుట్టిందో చూడండి. ఆరేళ్ళు. కళ్ళు తెరిచింది మొదలు కళ్ళు మూసేదాకా నోరు మూయదు. నోరు మూసిందంటే కాళ్ళు దరువు వేస్తున్నాయన్నమాట. "నాన్నా, చీమకి మోకాళ్ళుంటాయా?" అని అడిగి, జవాబు చెప్పేలోపు "పోనీ మోచేతులో?" అంటుంది. అందుకే ఆ పిల్లకి గిలక్కాయ అని పేరు. పెట్టింది తండ్రే. మురిపెంతో పెట్టారో, ప్యాకింగు మనిషి విసుగుతో పెట్టారో ఆయనకే తెలియాలి.

ఇలా ఉండగా, ఒక శుక్రవారం సాయంత్రం వాళ్ళ వీధి బస్సు రద్దయింది. సోమవారం నుంచి రాదని స్తంభానికి కాగితం అంటించి పోయారు. గిలక్కాయ ఇన్నాళ్ళూ బడికి వెళ్ళింది ఆ బస్సులోనే. భద్రంగారి భార్య ఆసుపత్రిలో నర్సు, పొద్దున ఆరింటికల్లా వార్డులో ఉండాలి; సాయంత్రమైతే డ్యూటీ దిగి వస్తూ పిల్లని వెంటబెట్టుకు రాగలదు. భద్రంగారు ఫ్యాక్టరీకి వెళ్ళేది సైకిలు మీద. బడి దారిలోనే ఉంది, కానీ ఆ సైకిలుకి వెనక కనీసం క్యారియరు కూడా లేదు.

ఆ రాత్రి భోజనాలప్పుడే భద్రంగారి అక్కయ్య ఫోను చేసింది. ఆవిడ ఇల్లు సరిగ్గా బడిగేటుకి ఎదురుగా ఉంది. మనసు వెన్న, మాట మాత్రం గరుకు కాగితం. మూడు గదుల్లో ఆవిడా, గోడగడియారమూ ఉంటారు.

"ఒరే తమ్ముడూ, ఆలోచించడానికేముందిరా? సోమవారం పొద్దున తెచ్చి దింపు, శుక్రవారం సాయంత్రం తీసుకుపో. మధ్యలో నా దగ్గరుంటుంది. గంట మొదలయ్యాక మా గుమ్మం దిగినా, అది ఆగేలోపు క్లాసులో కూర్చుంటుంది."

మాట సబబుగానే ఉంది, అదే వచ్చిన చిక్కు. వారానికి నాలుగు రాత్రులు చీమ మోకాళ్ళ గురించి అడిగేవాళ్ళు లేని ఇల్లు భద్రంగారి కళ్ళముందు కదిలింది. "నేను సైకిలు మీద తీసుకెళ్తా" అన్నారు, తనకి తెలియకుండానే.

భార్య ఆయన ముఖం వంక చూసింది. ఆవిడకీ కూతుర్ని పంపడం ఇష్టం లేదు. కానీ సైకిలు మీద నుంచి పడి కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళని ఆవిడ రోజూ చూస్తుంది.

"సరే. రెండే రెండు షరతులు. బడిగేటు మూయకముందే పిల్ల లోపలుండాలి. రెండోది, రేపు కూడా సైకిలు మీద వెళ్తానని అది తన నోటితో చెప్పాలి. ఏడుస్తూ వెళ్ళే పిల్లని నేను చూడలేనండీ. ఈ రెంటిలో ఏది తప్పినా వదినగారింటికే."

"భద్రంగా తీసుకెళ్తా" అన్నారు భద్రంగారు. వేరే ఎలా అంటారు?

ఆదివారం పొద్దున్నే ఆయన సైకిలు నడిపించుకుంటూ మూలమలుపు దగ్గరి షాపుకి వెళ్ళారు. షాపావిడ జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు నెత్తి మీద ఉంటాయి, గోళ్ళలో ఎప్పుడూ చైను నూనె ఉంటుంది. కొనడానికి వచ్చినవాళ్ళని వెనక్కి పంపడమే పనిగా పెట్టుకున్న దుకాణదారు లోకంలో ఆవిడొక్కతే. భద్రంగారు జేబులోంచి జాబితా తీశారు. ముప్ఫై ఒక్క వస్తువులున్నాయి. ఆవిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని చదివి, మళ్ళీ నెత్తి మీదికి నెట్టుకుంది.

"దారెలా ఉంటుంది బాబూ?"

"మంచి దారేనండి. వంతెన దగ్గర కాస్త ఎత్తు. మార్కెట్టు వెనక గుంతలు."

"అయితే ఈ కాగితం జేబులో పెట్టుకోండి. పిల్లకి సీటు కావాలి. బెల్టుండాలి, పాదాలు పెట్టుకునే గిన్నెలుండాలి. వెనక చక్రానికి రెండు పక్కలా వల, పాదం చువ్వల్లోకి పోకుండా. రెండుకాళ్ళ స్టాండు. మీకున్నది ఒంటికాలిది, దాని మీద పిల్లని ఎక్కించబోతే సైకిలు ఒరిగిపోతుంది. మడ్‌గార్డులు, చైను కవరు. ముందొక దీపం, వెనకొక దీపం. ఇద్దరికీ హెల్మెట్లు. పిల్లది మాత్రం తలకి పెట్టి చూసి కొనాలి, గడ్డం కింద రెండు వేళ్ళు పట్టేంత సందుండాలి. అంతే."

"మరి వెనక చక్రానికి అటూ ఇటూ తగిలించే పక్క సంచులు?"

"పిల్ల కాళ్ళు ఉండేదీ అక్కడే. బడిసంచీ హ్యాండిలు ముందున్న బుట్టలో వేసుకోండి. సైకిలు మీద తగిలించే ప్రతి వస్తువునీ మోసేది మీ మోకాళ్ళే. ముందు ఇవి బిగించుకుని వీధి చివరిదాకా పిల్లని తిప్పి తీసుకురండి. ఇంకేం కావాలో అప్పుడు తెలుస్తుంది."

పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి సలహా ఇవ్వడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. భద్రంగారు ఇంటికెళ్ళి గిలక్కాయని తీసుకొచ్చి హెల్మెట్టు కొలిపించారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ కొన్నారు, వద్దన్నవీ కొన్నారు. పక్క సంచులు, రెండు అద్దాలు, గొడుగు నిలబెట్టే గొట్టం, నీళ్ళసీసా గూడు, సీటు వెనక కట్టే ఎర్రజెండా. ఆవిడ నిట్టూర్చి బిగించి ఇచ్చింది.

సాయంత్రం అసలు పని మొదలైంది. ఫ్యాక్టరీ నుంచి తెచ్చి దాచుకున్న స్పాంజి ముక్కలు అటక మీంచి దించి, పిల్ల సీటుకి రెండు పక్కలా, వెనక, కింద కూరారు. అంతా అయ్యాక సైకిలును హ్యాండిలూ సీటూ పట్టుకుని ఎత్తి మూడుసార్లు ఊపారు. గొడుగు గొట్టం కటకటలాడింది, గుడ్డ చుట్టారు. నీళ్ళసీసా డబడబలాడింది, కాగితం దోపారు. మళ్ళీ ఊపితే 'టింగు'మంది. చూస్తే బెల్లు. భద్రంగారు దాని గిన్నె విప్పి, లోపల చక్కటి స్పాంజి ముక్క కూరి, మళ్ళీ బిగించారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా?

కిటికీలోంచి చూస్తున్న భార్య అడిగింది. "ఏమండీ, మోగని బెల్లు ఎందుకండీ?"

"నేను మెల్లగానే పోతాగా" అన్నారాయన. నాలుగోసారి ఊపారు. చప్పుడు లేదు. ఆ సంతోషంలో "పోనీయ్" అనుకున్నారు.

సోమవారం పొద్దున గిలక్కాయని ప్యాక్ చేశారు. ప్యాక్ చెయ్యడం అనే అనాలి, ఇంకో మాట లేదు. సీటులో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, చేతులు స్పాంజి కిందికి సర్ది, గాలి తగలకుండా చెవుల మీదుగా నోటిదాకా మఫ్లరు చుట్టి, పైన హెల్మెట్టు పెట్టారు. ఎక్కడ బ్రేకు వేస్తే పిల్ల ముక్కు తన వెన్నుకి కొట్టుకుంటుందోనని తన వీపుకి కూడా ఒక స్పాంజి పలక కట్టుకున్నారు. ఆయన అటు తిరిగి ఎక్కేసరికి గిలక్కాయ ప్రపంచంలో ఆ పలక ఒక్కటే మిగిలింది.

ప్రయాణం దివ్యంగా సాగింది. వంతెన ఎక్కుతుంటే కాస్త ఆయాసం వచ్చింది, గుంతల దగ్గర సైకిలు బరువుకి ఊగింది, అంతే. వెనక నుంచి చిన్న మాట లేదు. అద్దాల్లో చూశారు. ఒకదాంట్లో గొడుగు గొట్టం, ఇంకోదాంట్లో ఎర్రజెండా కనిపించాయి. ఇంత బుద్ధిగా కూర్చుంటుందని ముందే తెలిస్తే బస్సు ఎప్పుడో మానిపించేవాణ్ణి అనుకుంటూ, ఎనిమిది నిమిషాలు ముందే బడిగేటు చేరారు. ఎదురింటి మెట్ల మీద అక్కయ్య నిలబడి ఉంది.

ఆయన దిగి, స్టాండు వేసి, స్పాంజి తీసి, మఫ్లరు విప్పారు. గిలక్కాయ ముఖమంతా తడిసి ఉంది. ఎడమ కాలికి బూటు లేదు.

"వంతెన దగ్గర నుంచి పిలుస్తున్నా నాన్నా" అంది. గొంతు బొంగురుపోయింది. "బూటు పక్క సంచీకి తగులుకుని ఊడిపోయింది. పిలిచా. తలతో కొట్టా కూడా. నువ్వు ఒక్కసారి కూడా చూళ్ళేదు."

భద్రంగారు పిల్ల తల మీద చెయ్యి వెయ్యబోతే హెల్మెట్టు అడ్డొచ్చింది. కూతురు వెనక ఏడుస్తుంటే తను ముందు కూర్చుని సంతోషపడ్డారు. ఆ సంగతి ఆయన్ని పొద్దంతా కోసింది.

అక్కయ్య మెట్లు దిగొచ్చి పిల్లని ఎత్తుకుంది. "రేపు నేను సైకిలెక్కను" అంది గిలక్కాయ ఆవిడ భుజం మీద నుంచి.

"మంచం వేసే ఉంచానులేరా" అంది అక్కయ్య. వెక్కిరింపు కాదు. దుప్పటి కూడా ఉతికి పరిచింది పాపం.

ఆ రోజు ఫ్యాక్టరీలో ఒక వింత జరిగింది. భద్రంగారు పెట్టె ఎత్తి చెవి దగ్గర ఊపారు. చప్పుడు లేదు. లారీ దగ్గర మనుషులు ఆయన చేతి వంక చూస్తున్నారు. ఆయన చెయ్యి లేవలేదు. పెట్టె దించి, తాడు విప్పి, గడ్డి తొలగించి, గ్లాసుల్ని ఒక్కొక్కటే తీసి చూశారు. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఇంకో పెట్టె విప్పారు. అలా నాలుగు విప్పాక లారీ డ్రైవరు, "ఏంటండీ భద్రంగారూ, లోపలేమైనా పోగొట్టుకున్నారా?" అన్నాడు.

"ఆఁ" అన్నారాయన.

పని అయ్యాక వెతుక్కుంటూ వెనక్కి వచ్చారు. బూటు వంతెన పిట్టగోడ మీద ఉంది. ఏ పుణ్యాత్ముడో ఎవరూ తొక్కకుండా తీసి పెట్టాడు. దాన్ని ముందు బుట్టలో వేసుకుని నేరుగా సైకిలు షాపుకి వెళ్ళారు.

షాపావిడ సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. బుట్టలో ఒంటరి బూటు చూసింది. తిట్టలేదు.

"దారిలో ఏం మాట్లాడింది పిల్ల?"

"ఏమీ మాట్లాడలేదండి."

"మరి బాగుందని ఎలా అనుకున్నారు?"

భద్రంగారు తల దించుకున్నారు. "మా పనిలో చప్పుడు రాకపోతే బాగున్నట్టేనండి."

"గ్లాసుకి నోరు లేదుగా బాబూ" అంది ఆవిడ, స్పానరు అందుకుంటూ.

పక్క సంచులు ఊడాయి. గొడుగు గొట్టం ఊడింది. అద్దాల్లో ఒకటి పోయింది. రెండోదాన్ని ఆవిడ కిందికి వంచి, తన కళ్ళజోడు తీసి పిల్ల సీటులో పెట్టి, అది అద్దంలో కనబడేదాకా తిప్పి బిగించింది. స్పాంజి అంతా పీకి ఆయన చేతికిచ్చింది. బెల్లు గిన్నె విప్పి, లోపల ముక్క చూసి, ఆయన వంక చూసింది. ఆయన గోడ మీద వేలాడుతున్న టైర్ల వంక చూశారు.

"ఇది మీ జాబితాలో లేదు" అంటూ ఆవిడ సొరుగులోంచి చిన్న పసుపుపచ్చ బెల్లు తీసి, పిల్ల సీటు ముందు పట్టుకునే కడ్డీకి బిగించింది. "వెనక కూర్చున్నవాళ్ళకీ ఒకటుండాలి. ముందున్న బెల్లు రోడ్డుకి, ఇది మీకు."

ఆ సాయంత్రం గిలక్కాయ సైకిలు దగ్గరికి రాలేదు. గుమ్మంలో తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. ఆయన బూటు చూపించారు, కదల్లేదు. బెల్లు ఒకసారి మోగించారు. కొంగు వదిలింది. రెండోసారి మోగించారు. ఒక మెట్టు దిగింది.

"ఇది నాదా?"

"నీదే."

"మోగిస్తే ఆగుతావా?"

"ఆగుతా."

"ఊరికే మోగిస్తే?"

భద్రంగారు వంతెన ఎత్తు తలుచుకున్నారు. "అప్పుడూ ఆగుతా."

పిల్ల దగ్గరికొచ్చి, తండ్రి బిడ్డే కాబట్టి, సైకిలుని పట్టుకుని మూడుసార్లు ఊపింది. ముందు బెల్లు టింగుమంది, వెనక బెల్లు టింగుమంది, సీటు బెల్టు గలగలమంది. భద్రంగారి చేతివేళ్ళు వాటంతటవే స్పాంజి కోసం వెతికాయి. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"రేపొక్కరోజు చూద్దాం" అంది భార్య. "అదీ దాని ఇష్టమే. దిగాక మళ్ళీ వద్దంటే మాత్రం సాయంత్రమే బట్టలు సర్దేస్తా."

మంగళవారం మామూలుకన్నా పాతిక నిమిషాలు ముందు బయల్దేరారు. ఎంత మంచి పని చేశారో వీధి చివరికల్లా తెలిసింది. టింగు. ఆగారు. "ఆ కుక్క నన్ను చూసింది." టింగు. ఆగారు. "నాన్నా, నీ వీపు మీద దారప్పోగు ఉంది." వంతెన ఎత్తులో సరిగ్గా ఊపిరంతా బిగబట్టి తొక్కుతుంటే టింగు. ఆగి, దిగి, ఎగపోస్తూ "ఏంటమ్మా?" అన్నారు. "నిన్న ఇక్కడే ఊడింది" అంది. ఆ మాటకి మాత్రం ఆయనకి ఆయాసం గుర్తులేదు. మళ్ళీ బెల్టు చూశారు, రెండు బూట్లూ గిన్నెల్లో ఉన్నాయా అని చూశారు, ఎక్కారు. మార్కెట్టు వెనక గుంతల్లో బెల్లు తనంత తనే మోగింది. దానికీ ఆగారు. కూరలమ్మే ఆవిడ, "నడిపించుకు పోవచ్చుగదయ్యా, ముందే చేరతావు" అంది.

ఈ ఆగడాలతో పాతిక నిమిషాలూ హారతికర్పూరంలా కరిగిపోయాయి. బడివీధి మలుపు తిరిగేసరికి గేటు కాపలాదారు ఒక తలుపు మూసి రెండోదాని మీద చెయ్యి వేశాడు. అక్కయ్య మెట్ల మీద నిలబడి ఒకసారి లోపలి గడియారం వైపు, ఒకసారి వీధి వైపు చూస్తోంది. ఇంకో వంద గజాలు. భద్రంగారు పెడలు మీద నిలబడి తొక్కడం మొదలుపెట్టారు.

అప్పుడు వెనక చప్పుడు ఆగిపోయింది.

బెల్లు లేదు, మాట లేదు, కాళ్ళ దరువు లేదు. అద్దంలోకి చూస్తే హెల్మెట్టు కిందికి వంగి ఉంది, ముఖం కనబడలేదు. గేటు కనిపిస్తూనే ఉంది. ఇంకో ఇరవై సార్లు తొక్కితే లోపలుంటారు, ఆగితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. చప్పుడు లేదని పంతొమ్మిదేళ్ళుగా నిశ్చింతగా ఊపిరి పీల్చిన మనిషికి ఆ క్షణాన చప్పుడు లేదనే గుండె జారిపోయింది. రెండు బ్రేకులూ నొక్కి, దూకి, స్టాండు వేసి వెనక్కి వెళ్ళారు.

"ఏమైందమ్మా?"

గిలక్కాయ తలెత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, బెల్లుకి దూరంగా.

"ఏం కాలేదు. మోగించకపోయినా ఆగుతావో లేదో చూశా."

భద్రంగారు అక్కడే నిలబడిపోయారు. చివరికి ఆ పిల్లే చెయ్యి చాపి, గేటు వైపు చూపించింది.

"పోనీయ్ నాన్నా."

ఆయన తొక్కారు. వెనక బెల్లు ఆపకుండా మోగుతూనే ఉంది. కాపలాదారు ఆ మోతకి బెదిరి తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. అక్కయ్య మెట్లు దిగి గేటు దగ్గరికి వచ్చి, పిల్ల రెండు కాళ్ళ వంకా చూసి, ముఖం వంక చూసి, తనే అడిగేసింది.

"ఏమే, రేపు కూడా ఈ బండి మీదేనా?"

"ఊఁ. ఇప్పుడు నాన్నకి వినపడుతోంది" అని చెప్పి గిలక్కాయ లోపలికి పరిగెత్తింది.

అక్కయ్య తమ్ముడి చొక్కా వీపు మీది దారప్పోగు తీసి పారేసి, "శుక్రవారం బడయ్యాక దాన్ని నా దగ్గరికి తీసుకురా. ఆ బెల్లు కూడా" అంది.